ఆ పాట మొదలవగానే లేచిపోయాను

ఐర్లాండ్ రాక్ బృందం యూటూ పాటలు నేను దాదాపు ముప్పై ఏళ్లు విన్నాను. వాళ్లు దేని గురించి పాడుతున్నారో ఒక్కసారి కూడా అడగకుండా విన్నాను. భాష తెలియక కాదు. తెలుసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నంద్యాల కాలేజీలో చదివేటప్పుడు హాస్టల్లో ఒక మిత్రుడి దగ్గర 'ది జాషువా ట్రీ' క్యాసెట్ చిక్కింది. 1987లో వచ్చిన ఆల్బమ్ అది. 1976లో డబ్లిన్‌లో బడి పిల్లలుగా కలిసిన నలుగురు చేసిన సంగీతం. అందులో గిటారిస్టు ఎడ్జ్ తీగ ఒక్కసారి మీటితే, ఆ మీటు వెనకే దాని ప్రతిధ్వనులు వరసగా పరిగెత్తుకొచ్చేవి. వింటున్నంతసేపూ నేను ఆళ్లగడ్డ వాణ్ణి కాననిపించేది. నాకు కావలసింది అదే.

ఆ రోజుల్లో ఆళ్లగడ్డ అంటే ఎదుటివాళ్ల ముఖం మారేది. మా ఊరు శిల్పులదని, రోడ్డు పక్క షెడ్లలో దేవుళ్లు రాయిలోంచి బయటికొస్తారని, అహోబిలానికి మా ఊరి మీదుగానే పోతారని ఎవరికీ పట్టదు. "మీ పక్క బాంబులేసుకుంటారంట కదా?" అనేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. సెలవులకు ఇంటికి పోతే అమ్మ అన్నం పెట్టకముందే ఈసారి ఏ వీధిలో తిరగకూడదో చెప్పేది. ఎవరి పెళ్లికి పోయాం, ఎవరి చావుకు పోలేదు అనేదాన్ని బట్టి మేం ఏ వర్గమో ఊరు తేల్చేసేది.

మా వీధి చివరింట్లో పిన్నమ్మ వరసయ్యే ఒకామె ఉండేది. ఆమె కొడుకు నాకంటే కాస్త పెద్ద. ఒక వేసవిలో పొలానికని పోయి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆమె ఏడుపు రాత్రిళ్లు మా మిద్దె మీదికి వినపడేది. నేను వాక్‌మన్ శబ్దం పెంచుకునేవాణ్ణి. ఆ వేసవిలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. ఇన్నేళ్లలో నాకు సిగ్గనిపించే విషయాలు చాలానే ఉన్నాయి గానీ, దాని ముందు మిగతావేవీ పెద్దవి కావు.

2019 డిసెంబర్ 15, ఆదివారం. నవీ ముంబైలో, నెరూల్ దగ్గరి డి.వై. పాటిల్ స్టేడియంలో యూటూ కచేరీ. మన దేశంలో వాళ్లు పాడటం అదే మొదటిసారి, వాళ్ల 'ది జాషువా ట్రీ' పర్యటనకు అదే ఆఖరి కచేరీ. గుంతకల్లులో బండి మారి పోయాను. జుట్టు నెరిసిన నాలాంటివాళ్లు ఎందరో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ముందు డ్రమ్మర్ లారీ ముల్లెన్ ఒక్కడే నడిచొచ్చి కూర్చుని, కవాతు దరువు ఎత్తుకున్నాడు. 'సండే బ్లడీ సండే'. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ పట్టణంలో, హక్కుల కోసం ఊరేగింపుగా పోతున్న జనం మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపితే 13 మంది అక్కడే చనిపోయారు. పాట ఆ హత్యల గురించి. నేను మాత్రం చేతులు పైకెత్తి ఎగిరాను.

తర్వాత 200 అడుగుల వెడల్పున్న తెర ఎర్రగా వెలిగింది. 'వేర్ ద స్ట్రీట్స్ హ్యావ్ నో నేమ్' మొదలైంది. మిద్దె మీద ఒంటరిగా విన్న ఆ గిటార్‌ను వేలమంది మధ్య నిలబడి వింటుంటే కళ్లనీళ్లు ఆగలేదు. ఆ ఏడుపు నిజమైనదే, దాన్ని నేను ఇప్పటికీ కాదనను. గాయకుడు బోనోకు అప్పటికి 59 ఏళ్లు. గొంతులో వయసు వినిపిస్తోంది. పై స్థాయి అందుకోవాల్సిన చోట జనం అందుకుంటున్నారు. అంత పెద్ద గుంపులో ఏ ఊరు, ఎవరి మనిషి అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అలాంటి రాత్రి మా ఊళ్లో నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి ఆల్బమ్ మొత్తం వరసగా వాయించారు. రెండోవైపు పాటలు నాకు సరిగా తెలియవు. క్యాసెట్ తిప్పకుండా వెనక్కి చుట్టి మళ్లీ మొదటివైపే వినేవాణ్ణి. ఆఖరిది 'మదర్స్ ఆఫ్ ద డిసపియర్డ్'. నెమ్మదిగా మొదలైంది. ఇది ఎగిరే పాట కాదనుకుని నీళ్ల కోసం లేచిపోయాను. వరసలో నిలబడి వెనక్కి చూస్తే, తెర మీద ఆడవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని బారుగా నిలబడి ఉన్నారు. చూసి, మళ్లీ ముందుకు తిరిగాను. చివర్లో సంగీత దర్శకుడు ఎ.ఆర్. రెహమాన్, ఆయన కూతుళ్లు వచ్చి 'అహింస' పాడినప్పుడు గొంతు పోయేలా అరిచాను.

ఆ పాట ఎవరి గురించో తెలిసింది ఇంటికొచ్చాక. అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం ఎత్తుకుపోయిన బిడ్డల కోసం తల్లులు 1977 నుంచి తెల్ల గుడ్డలు తలకు కట్టుకుని, ప్రతి గురువారం బ్యూనస్ ఎయిరిస్‌లోని ప్లాజా డి మాయో కూడలి చుట్టూ నడిచారు. ఎల్ సాల్వడార్‌లోనూ అలాంటి తల్లులే. 1986లో బోనో అక్కడికి పోయి వాళ్లను కలిసివచ్చాడు. శవమైనా ఇవ్వండని అడిగేవాళ్ల పాట అది. మిద్దె మీద ఆ ఏడుపు వినపడకుండా నేను చెవులకు తగిలించుకున్న క్యాసెట్‌లోనే, రెండోవైపున, ఆ ఏడుపే ఉంది.

నన్ను ఏడిపించిన ఆ వీధుల పాట కూడా అలాంటిదే. బెల్‌ఫాస్ట్‌లో మనిషి ఉండే వీధిని బట్టి మతం చెప్పేయొచ్చు, సంపాదన చెప్పేయొచ్చు, అందులోంచి పుట్టిన పాట అని బోనో చెప్పాడు. మా అమ్మ అన్నం పెట్టేముందు చెప్పిన వీధుల సంగతే కదా అది! ఊరి నుంచి పారిపోవడానికి పట్టుకున్న పాట నిండా మా ఊరే ఉంటే, నేను రాగం మాత్రం తీసుకుని మనుషుల్ని వదిలేశాను. వదిలేయాలనే వదిలేశాను.

సంక్రాంతికి ఆళ్లగడ్డ పోయినప్పుడు ఆ చివరింటికి పోయాను. పిన్నమ్మకు చూపు తగ్గింది, గొంతు పట్టి గుర్తుపట్టింది. ఏం మాట్లాడాలో తోచక, అన్న ఎట్లుండేవాడు పిన్నమ్మా, అని అడిగాను. "పోలీసులు అడిగిరి, వకీలు అడిగె, ఎవరు చేసినారని. వాడెట్లుండేవాడని ఎవురూ అడగలేదు నాయనా" అంది. తర్వాత పొద్దుగూకేదాకా చెప్పింది. ఆ రోజు విత్తనానికి శనక్కాయలు వలుస్తూ, సగంలో వదిలి లేచిపోయాడంట. ఎద్దులకు పేర్లు పెట్టేవాడంట. ఈల బాగా వేసేవాడంట. ఆ ఈల నేనూ విన్నాను, ఆమె చెప్పేదాకా గుర్తుకు రాలేదు.

అప్పటి నుంచి ఊరికి పోయినప్పుడల్లా ఆమె దగ్గర కూర్చుంటున్నాను. అమ్మ తిరగొద్దన్న ఒక వీధిలో, అవతలి వర్గంలోనూ, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఒకామె ఉంది. ఆ ఇంటికి నేనింకా పోలేదు.