గాలికి లూపు, పావురానికి తీరిక

మూలం: గాలి లూపున, పావురము తీరికన, పెన్న దూరమున, వాల్యూము 0.3న నిలుపవలెను.

అవతారిక. సోర్స్ అనే గేమ్ ఇంజన్ మీద, దాని హామర్ ఎడిటర్‌లో, శిష్యుడొకడు గండికోటను ఆటలో లెవెల్‌గా కట్టాడు. జామియా మసీదు లేచింది, మాధవరాయ గుడి గోపురం లేచింది, లోయ అంచున బండలూ పడ్డాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని నడిచి చూస్తే సొంత అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. "కోట ఉంది గానీ ప్రాణం లేదు స్వామీ" అని మొరపెట్టుకోగా గురువు సెలవిచ్చిన సూత్రమిది. గండికోట అన్నది సప్తమీ తత్పురుషమా, షష్ఠీ తత్పురుషమా అన్న వివాదం ఇక్కడ అనవసరం. కాలు జారిన ఆటగాడికి రెండూ ఒకటే.

ప్రతిపదార్థం. గాలి = ఎర్రమల కొండల మీది గాలి; సీలింగ్ ఫ్యాన్‌ది కాదని గ్రహించేది. 1996 నాటి క్వేక్ ఆటలో ఈ పదానికి వ్యాఖ్య అక్కర్లేకపోయేది. ఆకాశం కనిపించే చోటల్లా గాలి చప్పుడును ఇంజనే వేసుకునేది.

లూపున = తుదీ మొదలూ అతుక్కున్న ఆవృత్తి యందు. అతుకు దగ్గర 'టిక్' మని వినబడిందా, ఎంత గొప్ప గాలైనా అక్కడితో సరి. 1998లో వచ్చిన హాఫ్ లైఫ్ ఆటలో ఇంకో చిక్కుంది. వేవ్ ఫైలు లోపలే లూపు గుర్తు పెట్టకపోతే, గానుగెద్దు ఒక్క చుట్టు తిరిగి పడుకున్నట్టు, గాలి ఒకసారి వీచి ఊరుకుంటుంది.

పావురము = కోటలోని పావురాళ్ల గోపురంలో ఉండదగినది. తీరికన = తనకు బుద్ధి పుట్టినప్పుడు. పరిసర ధ్వనులను నడిపే సౌండ్‌స్కేప్ స్క్రిప్టులో గాలిని 'ప్లేలూపింగ్' కింద, పావురాన్ని 'ప్లేర్యాండమ్' కింద రాయాలి. 'టైమ్' ఎదుట 15, 40 అని వేస్తే పదిహేను నుంచి నలభై సెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు అది కువకువలాడుతుంది. సరిగ్గా ప్రతి ఎనిమిదో సెకనుకూ కూసే పావురాన్ని ఆటగాడు మూడోసారికే పట్టేస్తాడు. అది పక్షి కాదు, అలారం.

పెన్న దూరమున. ఇక్కడ పూర్వపక్షి లేచి, "అంత పెద్ద లోయ కోసిన నది హోరెత్తవద్దా?" అంటాడు. వద్దు. దిగువన మైలవరం జలాశయం ఉంది. చాలా రోజులు లోయలో నీళ్లు కదలకుండా పచ్చగా నిలబడి ఉంటాయి. గట్టున నిలబడ్డవాడికి నీళ్లు కనబడతాయి గానీ వినబడవు. నెట్‌లో దొరికిన జలపాతం హోరు తెచ్చి పెడితే అది జోగ్ అవుతుంది, గండికోట కాదు. నీటి ధ్వని లోయ అడుగున, మోనో ఫైలుగా ఉండాలి. స్టీరియో ఫైలైతే చాలా ఇంజన్లలో దిక్కూ దూరమూ తెలియవు, నది నేరుగా చెవిలోనే పారుతుంది.

వాల్యూము 0.3న. 'వాల్యూము 1.0న' అని పాఠాంతరం. అది లేఖక దోషం, కాకుంటే కుర్రతనం.

విశేషం. మూలంలో కోటలోని ధాన్యాగారం ప్రసక్తి లేదు. మూలంలో లేనిది రాయనన్న మల్లినాథ సూరి నియమం ఈ ఒక్కచోట సడలించక తప్పదు. సోర్స్‌లో సౌండ్‌స్కేప్ బిందువు ఆటగాడికి అడ్డం లేకుండా, వ్యాసార్థం లోపల ఉంటే మోగడం మొదలెడుతుంది. ఇంకొకటి అందుకునే దాకా ఆగదు. శిష్యుడు ధాన్యాగారంలో కమాను కప్పు కింద గుయ్యిమనే ధ్వని పెట్టి, బయట ఏమీ పెట్టలేదు. ఆ గుయ్యి గుమ్మం దాటి, మసీదు దాటి, లోయ అంచు దాకా పెంపుడు కుక్కలా వెంట వచ్చింది. గుమ్మం బయట రెండో బిందువు పడ్డాక గానీ వదల్లేదు.

ఫిరంగుల మోత పెట్టవచ్చునా అని శిష్యుడి చివరి సందేహం. చారిత్రక ప్రమాణం కావాలంటే ఉంది. గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా పెమ్మసాని వారి నుంచి ఈ కోట పట్టాడు. 1652లో వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే చెప్పిన కథ ప్రకారం, ఫిరంగులు పోతపోయడానికి గుళ్ల నుంచి రాగి విగ్రహాలు తెప్పించారు. పోతపోసేవాడూ ఫ్రెంచివాడే. మిగతావన్నీ కరిగాయి, గండికోట గుడివి ఆరు మాత్రం కరగలేదు. చివరికి ఒక్క ఫిరంగీ తయారు కాలేదు. కాబట్టి కొలిమి బుసబుసలు పెట్టుకోవచ్చు. ఆ పోతశాల పేరు చెప్పి ఫిరంగి మోగించడం మాత్రం అప్రమాణం.

తాత్పర్యం. అసలు గాలినే రికార్డు చేసుకోవాలనుకునేవారు జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, టూరిస్టుల బండ్లు రాకముందే, తెల్లవారుజామునే వెళ్లాలి. ఫోను మైకుకు ఒక గుడ్డ చుట్టుకోండి. లేకపోతే ఇంటికొచ్చి వింటే బరబరే మిగులుతుంది.