మూడొందల ఓమ్‌ల ముచ్చట

మా రోజుల్లో పాట వినడం ఒక పని అబ్బాయ్. దానికో వేళ ఉండేది, ఓ కుర్చీ ఉండేది. ఇప్పుడది ఇంకో పని చేసుకుంటూ పక్కన జరిగిపోయే వ్యవహారం. బస్సెక్కుతూ వింటారు, అన్నం కలుపుకుంటూ వింటారు, పక్క గదిలోంచి అమ్మ పిలిస్తే మాత్రం వినరు. చెవిలో పెట్టుకున్న ఆ ముక్కలకి రాత్రి చార్జింగ్ పెట్టడం మర్చిపోతే తెల్లారేసరికి అవి మూగబోతాయి. హెడ్‌ఫోన్‌కి కూడా కరెంటు మేపాల్సి వస్తుందని మేమెవరం అనుకోలేదు.

అందుకే మీలో ఎవరైనా వచ్చి, ఇంట్లో కూర్చుని వినడానికి వైరున్నది, ఓమ్‌లు ఎక్కువున్నది మంచి హెడ్‌ఫోన్ చెప్పండి అంటే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేస్తారు: “ఫోన్‌కి పెట్టుకోవచ్చు కదండీ?” దాంతో లేచిన ప్రాణం కాస్తా ఉసూరుమంటుంది.

కరెంటుకి తగిలే అడ్డుని కొలిచే ఈ ఓమ్ అనే మాట మాకు పాఠం కంటే ముందే పరిచయం. మా బాబాయి హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా కోఠి గుజరాతీ గల్లీలో పాత సామాన్ల కుప్పలు గాలించి ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. అలా వచ్చిందే నా మొదటి హెడ్‌ఫోన్. నల్ల బేకలైట్ డొప్పలు, లోపల పల్చటి ఇనప బిళ్ళ, నెత్తిమీద ఇనప పట్టీ. ఒక్కో చెవికి 2000 ఓమ్‌లు, రెండూ వరసగా కలిపితే 4000. దానికి ఒక జెర్మేనియం డయోడు, అట్ట గొట్టం మీద చుట్టిన రాగి తీగ, ఒక గ్యాంగ్ కండెన్సరు, కొబ్బరిచెట్టుకి కట్టిన ఏరియల్, చేతిపంపుకి చుట్టిన ఎర్తు. అంతే రేడియో. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం గాల్లోకి వదిలిన శక్తిలో మా ఏరియల్ దాకా చేరిన ఆ పిసరుతోనే పలికేది. అంత నీరసమైన సర్క్యూట్ మీద బరువు పడకూడదంటే హెడ్‌ఫోన్‌కి వేల ఓమ్‌లు ఉండాలి. తక్కువ ఓమ్‌లది తగిలిస్తే స్టేషనే మాయమయ్యేది. శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమంలో ఈమని శంకరశాస్త్రిగారి వీణ వస్తుంటే చెవులు కందిపోయేవి. కందినా తీసేవాణ్ణి కాదు. ఇప్పటి పిల్లలకి మెత్త కాస్త గట్టిగా ఉంటే చాలు, తిరిగి పంపించేస్తారు.

ఎక్కడికో వెళ్ళాను. ఆ వేల ఓమ్‌లే తర్వాత వందల్లోకి దిగాయి. 1968లో జర్మనీలో సెన్‌హైజర్ వాళ్ళు హెచ్‌డీ 414 అని పసుపుపచ్చ స్పాంజి మెత్తలతో ఒకటి తీశారు. వెనక వైపు మూసెయ్యకుండా గాలి ఆడేలా వదిలేసిన హెడ్‌ఫోన్లకి అదే ఆద్యం. దానికింకా 2000 ఓమ్‌లే. వియన్నాలో ఏకేజీ వాళ్ళ కే 240కి 600. బయర్‌డైనమిక్ డీటీ 880 కూడా 600 ఓమ్‌లలో దొరుకుతుంది. స్టూడియోల వాళ్ళకి ఇవి ఎందుకు నచ్చాయో లెక్క చూడు. ఒకే ఆంప్లిఫయర్‌కి 600 ఓమ్‌లవి పది పక్కపక్కన తగిలించినా దాని మీద పడేది 60 ఓమ్‌ల లోడే. 32 ఓమ్‌లవి పది తగిలిస్తే మూడు ఓమ్‌ల చిల్లర అవుతుంది, ఆంప్లిఫయర్ చేతులెత్తేస్తుంది. ఇంట్లో వినేవాడికి ఇంకో లాభం ఉంది. ఓమ్‌లు పెరగాలంటే వాయిస్ కాయిల్‌కి బాగా సన్నని తీగ ఎక్కువ చుట్లు చుట్టాలి. సన్నతీగ కాయిల్ తేలిక, డయాఫ్రం మీద బరువు తక్కువ. వీణ తంత్రి మీద మీటు పడిన క్షణం, ఆ వెనకే వచ్చే గమకం, రెండూ విడివిడిగా తేటగా తెలుస్తాయి. ఆ తేటదనం ఒకసారి అలవాటయ్యాక వదలబుద్ధి కాదు.

మొన్న మా మనవడు 600 ఓమ్‌ల డీటీ 880 తెప్పించాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. పెట్టె విప్పి తిన్నగా ఫోన్ అడాప్టర్‌కి గుచ్చి, “తాతయ్యా, ఇందులో సౌండే లేదు, తిరిగి ఇచ్చేస్తా” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు! అలాంటి అడాప్టర్లు చాలావాటి నుంచి 1 వోల్టుకి మించి రాదు. వోల్టుని వోల్టుతో గుణించి ఓమ్‌లతో భాగించమన్నాను. ఆ 1 వోల్టు 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 31 మిల్లీవాట్లు ఇస్తుంది, 300 ఓమ్‌ల దానికి 3.3, వాడు తెచ్చిన 600 ఓమ్‌ల దానికి 1.7. ఇదంతా ఇంటర్ ఫిజిక్సు. వాడు బీటెక్ చదివాడు, అదీ ఎలక్ట్రానిక్స్. నా ఎదురుగా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాడు.

తర్వాత దాన్ని నా పాత ఆంప్లిఫయర్‌కి పెట్టాం. ఆ లావు జాక్, 6.35 మిల్లీమీటర్లది, పూర్వం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో ఆపరేటర్లు గుచ్చి తీసిన జాతిది, టక్కుమని దిగుతుంది. దిగిందని చేతికి తెలుస్తుంది. వాల్యూం సున్నా దగ్గర పెట్టి మెల్లగా తిప్పమన్నాను, ఎందుకంటే అన్ని వోల్టులున్న పెట్టెతో తొందరపడితే పోయేది మన చెవులే. వారానికి 40 గంటలు వినేవాడు సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిట్టిబాబుగారి వీణ పెట్టాను. ఆ హెడ్‌ఫోన్ తిరిగి వెళ్ళలేదు.

ఇప్పుడు అసలు కోపం తెప్పించే సంగతి. ఆ కంపెనీల వాళ్ళే ఓమ్‌లు తగ్గించుకుంటూ పోతున్నారు. ఏకేజీ కే 240 పేరు అలాగే ఉంది, స్టూడియో అని తోక తగిలించి 55 ఓమ్‌లకి దించేశారు. వియన్నాలో ఆ కంపెనీ కేంద్రాన్నే 2017లో మూసేశారు. బయర్‌డైనమిక్ డీటీ 1990 ప్రో 250 ఓమ్‌లతో వచ్చింది, 2024లో తీసిన రెండో రకానికి 30 ఓమ్‌లే. ఎందుకయ్యా అంటే ఫోన్‌తోనూ లాప్‌టాప్‌తోనూ పలకాలట. ఫోన్ల వాళ్ళా, 2016 ఐఫోన్ 7 నుంచి ఆ జాక్ కన్నమే పూడ్చేసుకుంటూ వచ్చారు. కన్నమే లేని పరికరం కోసం హెడ్‌ఫోన్ మార్చడమేమిటి! సెన్‌హైజర్ కూడా 2017లో హెచ్‌డీ 660ఎస్‌ని 150 ఓమ్‌లకి దించింది. 2023లో దాని రెండో రకానికి మళ్ళీ 300 చేసింది. నేను చెబితే చాదస్తం అంటారు, మరి వాళ్ళకేమైంది?

అలాగని అంకె చూసి ఎగబడొద్దు. ఓమ్‌లు ఎక్కువైతే గొప్పదని అమ్మేవాళ్ళు చెబుతారు, నమ్మకు. దాని పక్కన సెన్సిటివిటీ అని ఇంకో అంకె ఉంటుంది, 1 మిల్లీవాటుకి ఎన్ని డెసిబెల్స్ అని. హైఫైమాన్ హెచ్‌ఈ-6కి 50 ఓమ్‌లే, కానీ సెన్సిటివిటీ 83.5. దాన్ని మోగించడం 96 ఉన్న 600 ఓమ్‌ల డీటీ 880ని మోగించడం కంటే కష్టం. 97 డెసిబెల్స్ ఉన్న 300 ఓమ్‌ల హెచ్‌డీ 600లో తారస్థాయి 110కి అందాలంటే దాదాపు రెండున్నర వోల్టులు కావాలి. ఆ రెండున్నర వోల్టులు చీలకుండా ఇచ్చే ఆంప్లిఫయర్ ఉంటే చాలు, గుండిగంత పెట్టె అక్కర్లేదు.

ఇక్కడ నీ కాలానికి ఒక మార్కు వేస్తాను. మా స్టీరియో ఆంప్లిఫయర్లలో హెడ్‌ఫోన్‌కి వేరే సర్క్యూట్ ఉండేది కాదు. స్పీకర్లకి పోయేదాన్నే వందల ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా జాక్‌కి ఇచ్చేవాళ్ళు. హెడ్‌ఫోన్‌కి ఉన్న ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకూడదు ఆంప్లిఫయర్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే దాని సొంత ఓమ్‌లు. మా పెట్టెలు ఆ లెక్కకి ఏనాడూ తూగలేదు. హెచ్‌డీ 600కి పేరుకి 300 ఓమ్‌లేగానీ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 దాటుతుంది. ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువున్న పెట్టెకి తగిలిస్తే సరిగ్గా అక్కడే శబ్దం ఉబ్బి, మృదంగం తొప్పి ఉన్నదానికంటే బొద్దుగా వినబడుతుంది. ఇప్పుడు అరచేతిలో పట్టే పెట్టెలు 1 ఓమ్ లోపు ఇస్తున్నాయి, తొప్పిని తొప్పిలా వినిపిస్తున్నాయి. ఒప్పుకున్నాను. అయినా నాకు ఆ బొద్దు మృదంగమే ఇష్టం. వాల్వు ఆంప్లిఫయర్లలో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం ఉంటుంది, దాన్ని 300 ఓమ్‌ల సెన్‌హైజర్‌కి పెట్టి వింటే నాకు రేడియో రోజులు గుర్తొస్తాయి. 32 ఓమ్‌లవి దానికి నప్పవు, ఆ జోలికి పోకు.

ఇంట్లో వినే హెడ్‌ఫోన్ అంటే వెనక తెరిచినదే. బయటి రొద లోపలికొస్తుంది, నీ పాట బయటికి పోతుంది. కాబట్టి వేళ చూసుకోవాలి. మన ఎండాకాలంలో ఫ్యాన్ వేస్తే ఆ రొద వీణ మీద కూర్చుంటుంది, కట్టేస్తే చెమట. మూసిన తోలు మెత్తలైతే చెవి ఉడికిపోతుంది. మఖమలు మెత్తలు కాస్త నయం. కుక్కరు కూతలు, పక్కింటి సీరియల్ అన్నీ సద్దుమణిగాక రాత్రి పదిన్నరకి కూర్చో. పాత తెలుగు పాటలు చాలామటుకు మోనోలో తీసినవి, హెడ్‌ఫోన్‌లో ఘంటసాలగారి గొంతు నెత్తి మధ్యలో నిలబడుతుంది. ఉండనీ. నలుదిక్కులా తిప్పే ఎఫెక్టులు నొక్కి ఆయన్ని గదంతా తిప్పొద్దు.

ఇంకొకటి, బాగుచేసుకోగలిగేది కొను. 1997లో వచ్చిన హెచ్‌డీ 600 ఇవాళ్టికీ అమ్ముతున్నారు. నాది అరిగింది, పారెయ్యలేదు. మెత్తలు చేత్తో లాగితే ఊడొస్తాయి, కొత్తవి నొక్కితే కూర్చుంటాయి. వైరు కొసన రెండు పిన్నులుంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం, తిరగేసి గుచ్చుదామన్నా దూరదు. కుడి వైపుకి ఎర్ర గుర్తు. ఒక చెవి పలకడం లేదంటే మల్టీమీటర్ పెట్టి చూసి, తప్పు వైరుదో కాయిల్‌దో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మీ వైర్‌లెస్ వాటిల్లో చాలావాటికి బ్యాటరీ పోతే విప్పడానికి మరమేకు కూడా కనపడదు.

నా మాట వింటే 300 ఓమ్‌లది తీసుకో. 600 జోలికి వెళ్ళాలంటే ముందు ఆంప్లిఫయర్ ఇంటికి తెచ్చుకో. కొట్లో వాణ్ణి దాని ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఎంత, 300 ఓమ్‌ల మీద ఎన్ని వోల్టులు ఇస్తుంది అని రెండు ముక్కలడుగు. చెప్పలేకపోతే ఇంకో కొట్టుకి నడువు.