జీడి వగరు

మాది ముసునూరు. 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారినా, మా మామిడి పండ్లు నూజివీడు రసాలుగానే అమ్ముడవుతాయి. నేను చిన్నరసం టెంకలో జీడిని.

ఒక మధ్యాహ్నం ఓ బుడ్డోడు పండును పిసికి, తొడిమ గిల్లి, సొన పిండేసి, రసమంతా జుర్రాడు. పీచు తెల్లబడేదాకా టెంక చీకాడు. "జీడి కొరక్కురా, వగరు!" అని నాయనమ్మ అరిస్తే నన్ను దొడ్లోకి విసిరాడు. ఆవకాయ రోజునా మావాళ్లకు అదే మర్యాద. టెంకను ముక్కకు ఉంచి, జీడిని గీకి పారేస్తారు. మమ్మల్ని కోసిన ఇనప కత్తి నల్లబడుతుంది. నాలో వగరునిచ్చే టానిన్లు ఇనుముతో కలిస్తే వచ్చే నలుపది.

వాడి అక్క కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది. మమ్మల్ని సంచిలోకి ఏరుకుని ల్యాబ్‌కు తీసుకెళ్లింది. నన్ను ఎండబెట్టి, పొడి కొట్టి, హెక్సేన్‌తో కొవ్వు తీసేసింది. తర్వాత నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లో నానబెట్టింది. ద్రాక్షతో నాకు చుట్టరికం కలిసింది అక్కడే. ఎర్ర వైన్‌కు పండ్లను తొక్కలు, గింజలతో సహా పులియబెడతారు. పులిసేటప్పుడు పుట్టిన ఆల్కహాల్ వాటిలోని టానిన్లనూ, రెస్వెరట్రాల్ అనే మరో ఫినాల్‌నూ లాగేస్తుంది. తెల్ల వైన్‌కు తొక్కలు ముందే తీసేస్తారు, అందుకే దానికి అంత వగరుండదు. ఇంతా చేసి, లీటరు ఎర్ర వైన్‌లో రెస్వెరట్రాల్ ఉండేది కొద్ది మిల్లీగ్రాములే.

వడకట్టిన నన్ను, గాలి తీసేసిన ఫ్లాస్కులో తిప్పుతూ, 40 డిగ్రీల దగ్గరే ఆల్కహాల్‌ను ఎగరగొట్టింది. ఎక్కువ వేడి నాకు పడదు. ఫోలిన్ ద్రావణం, సోడియం కార్బొనేట్ కలిపి కాసేపు ఉంచితే నీలంగా మారాను. ఆ నీలాన్ని 765 నానోమీటర్ల దగ్గర కొలిస్తే మొత్తం ఫినాల్స్ లెక్క తేలింది. ఎవరెవరున్నారో మాత్రం తేలలేదు. దానికి హెచ్‌పీఎల్‌సీ అనే మిషను ఉంది. సన్నటి గొట్టంలోకి ఒత్తిడితో తోస్తే గాలిక్ ఆమ్లం ముందు, మాంజిఫెరిన్ తర్వాత బయటికొచ్చాయి. మామిడి శాస్త్రీయ నామం మాంజిఫెరా ఇండికా. మాంజిఫెరిన్‌కు పేరు అందులోంచే వచ్చింది.

"ఇది మందా?" అని తమ్ముడు అడిగాడు.

"మందేమీ కాదు. పరీక్ష గొట్టంలో పనిచేసేది ఒంట్లో చేస్తుందో లేదో వేరే చూడాలి" అని అక్క తమ్ముడికి చెప్పింది.

మిగిలిన చిటికెడు నన్ను సీసాలో పెట్టి, ఆ మిషను గీసిన గ్రాఫ్‌తో పాటు ఇంటికి తెచ్చింది. నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఈ కొండలేంటే?"

"జీడిలో వగరు, నాయనమ్మా."

"దానికింత మిషనెందుకే? నన్నడిగితే చెప్పేదాన్నిగా!"