ఈరీ సరస్సు గట్టు బల్ల ఆత్మకథ

క్లీవ్‌లండ్ నగరమున ఈరీ సరస్సు గట్టున 1931లో తెరువబడిన మునిసిపల్ స్టేడియమునందు, తూర్పుకొనను, పైకప్పైనను లేని చవుక టిక్కెట్ల మెట్లవరుసలలో చిరకాలము ప్రేక్షకుల భారమును మోసిన బల్లచెక్కను నేను. వేసవిలో బేస్‌బాల్ ఆడునప్పుడు మా వరుసలు ఆటకు ఎంత దూరమనగా, ఆ మైదానము నిలిచియున్నన్ని నాళ్లలో ఏ మహావీరుడు కొట్టిన హోమ్ రన్ బంతియు అచ్చటికి వచ్చి పడలేదు. శరత్తు ప్రవేశించి అమెరికన్ ఫుట్‌బాల్ ఆరంభమైనంతనే ఆ వరుసలే గోల్ గీతకు మిక్కిలి సమీపస్థములగుచుండెను. ఉక్కు కార్ఖానాల కార్మికులును, లారీలు నడుపువారును, వారి బిడ్డలును సరస్సు మీదినుండి వీచు మంచుగాలికి ముఖములొడ్డి కూర్చుండి, ఆట ముగిసిన పిదప సైతము లేవక వాదించుచుండిరి. ఎదుట నిలుచున్నవారి వీపులు అడ్డమగుటచే నేను ఆటను చూచినది కొంత, వాదములను వినినది కొండంత.

ఈ వాదములకు మూలపురుషుడు పాల్ బ్రౌన్. ఆయన మొదట మాసిలన్ పట్టణపు ఉన్నత పాఠశాల జట్టును తీర్చిదిద్దెను. పిమ్మట ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమునకు కోచ్‌గా పోయి 1942లో దానిని జాతీయ విజేతను గావించెను. 1946లో క్లీవ్‌లండ్‌లో వెలసిన ప్రొఫెషనల్ జట్టుకు శిక్షకుడగుటయే కాక తన పేరే దానికి పెట్టబడగా, ఆ జట్టు క్లీవ్‌లండ్ బ్రౌన్స్ అయ్యెను. కావున ఆ రాష్ట్రమున కళాశాల జట్టును, ప్రొఫెషనల్ జట్టును అభిమానించుట రెండు వేర్వేరు మతములు కావు. ఒకే గురువు నడపిన రెండు పీఠములు. అప్పుడే పుట్టిన కొత్త లీగులో ఆ జట్టు వరుసగా నాలుగేండ్లు గెలిచినప్పుడు, బలహీనులపై గెలుపు గెలుపేనాయని పాత లీగువారు ఆక్షేపించిరట. 1950లో ఆ పాత లీగగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరిన తొలియేటనే, కడపటి క్షణములలో లూ గ్రోజా కాలితాపుతో రామ్స్ జట్టును 30–28గా ఓడించి బ్రౌన్స్ ఆ ఆక్షేపణమునకు సమాధానము చెప్పిరి. 1964 డిసెంబరు 27న బాల్టిమోర్ కోల్ట్స్‌తో జరిగిన తుదిపోరు సగము వరకు సున్నా సున్నాగా నడచి, అటుపిమ్మట గణితశాస్త్రమున పరిశోధన చేయుచుండిన ఫ్రాంక్ రయన్ విసరిన బంతులను గ్యారీ కాలిన్స్ పట్టగా మూడు టచ్‌డౌన్‌లు వచ్చి, 27–0గా ముగిసెను. ఆ దినమున నాపై తండ్రి ప్రక్కన కూర్చుండిన పదేండ్ల బాలుడు మరుసటి యేడు మరల ఇట్లే జరుగునని నమ్మి ఇంటికి పోయెను. ఆ తరువాత బ్రౌన్స్‌కు అట్టి విజయము ఈనాటి వరకు దక్కలేదు. ఆ బాలుడే నేడు నాకు యజమాని.

నాకీ తెలుగు ఎట్లబ్బెనో చెప్పవలెను. ఇప్పుడు నేను నివసించు యజమాని ఇంటి నేలమాళిగకు ఆదివారములయందు పొరుగింటి తెలుగు ఇంజనీరు వచ్చుచుండును. ఒకయేడు ఆయన తల్లి, 1978 నుండి క్లీవ్‌లండ్‌లో జరుగుచున్న త్యాగరాజ ఆరాధనోత్సవములు చూచి పోవలెనని ముందుగానే వచ్చి, చలికాలమంతయు నాపై కూర్చుండి కుమారుని ప్రశ్నించుచుండెడిది.

“ఏమిట్రా, అందరూ కలిసి ఒక్కడి మీద పడిపోతారు?”

“బంతి వాడి చేతిలో ఉందమ్మా. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు అవకాశాలు. పోలేకపోతే బంతి ఎదుటివాళ్లకు.”

“చివరిదాకా పోతే?”

“టచ్‌డౌన్. ఆరు పాయింట్లు. పోలేమనుకుంటే దూరం నుంచే తన్ని ఆ రెండు స్తంభాల మధ్య నుంచి పంపొచ్చు. దానికి మూడు.”

“అయితే తన్నడమా, పోవడమా అన్నదగ్గరేనా వీళ్ల గొడవంతా?”

ఆ తల్లి ఒక్క మాటలో గ్రహించినది నిజమే. 1981 జనవరి 4న ఉష్ణోగ్రత 4 ఫారన్‌హీట్ డిగ్రీలకు దిగిన మధ్యాహ్నమున, ఓక్లాండ్ రైడర్స్ 14, బ్రౌన్స్ 12 పాయింట్లతో ఉండగా, 49 సెకండ్లు మిగిలి, బంతి ప్రత్యర్థుల గీతకు 13 గజముల దూరమున నిలిచెను. ఒక్క తాపు తన్నిన మూడు పాయింట్లతో గెలుపు. అయినను కోచ్ శామ్ రుటిగ్లియానో బంతిని విసరుమనెను. బంతిని విసరు క్వార్టర్‌బ్యాక్ బ్రయన్ సైప్ సహచరుడు ఆజీ న్యూసమ్‌కై విసరిన బంతిని రైడర్స్ ఆటగాడు మైక్ డేవిస్ అడ్డగించి పట్టుకొనెను. ఆ క్షణము మొదలు నేటివరకు వాదము ఆగలేదు. తన్నవలసినదని కొందరు, ఆ దినము డాన్ కాక్‌రాఫ్ట్ తన్నిన రెండు తాపులు తప్పిపోయినవి గదా, ఆ గాలిలో మూడవది మాత్రము ఎవడు నమ్మునని కొందరు. నా మతమడిగిన, కోచ్ చేసినదే ధర్మము. ఆ యేడు ఆ జట్టు అంతిమ నిమిషములలో విసరిన బంతులతోనే గెలిచి గెలిచి అంతవరకు వచ్చినది. తన్ను అంతవరకు తెచ్చిన విద్యను పరీక్షాకాలమున విడనాడిన జట్టును ఆ ప్రేక్షకులు అంతగా ప్రేమించియుండెడివారు కారు.

తరువాతి దుఃఖములను త్వరగా చెప్పెదను. 1987 జనవరిలో డెన్వర్ జట్టు నాయకుడు జాన్ ఎల్వే, ఏడు పాయింట్ల లోటుతో, తన గీతకు రెండే గజముల దూరమునుండి బయలుదేరి 98 గజములు మా కన్నులయెదుటనే దాటించి ఆటను సమము చేయగా, అదనపు కాలమున బ్రౌన్స్ ఓడిరి. మరుసటి యేడు డెన్వర్‌లో, ఒక్క టచ్‌డౌన్‌తో సమము కాగల తరుణమున, గీత ముంగిట బ్రౌన్స్ ఆటగాడు అర్నెస్ట్ బైనర్ చేతినుండి బంతి జారెను. ఆ జారుటను తలంచువారికి, ఆ దినము పరుగులలోను పట్టులలోను కలిపి 187 గజములు సాధించి జట్టును అచ్చటికి చేర్చినవాడును అతడేయని నా యజమాని జ్ఞాపకము చేయును. ఈ న్యాయము కొరకు ఆయన తన మిత్రులతో ఎన్ని శీతాకాలములు కలహించెనో నేనెఱుగుదును.

1995 నవంబరు 6న, జట్టును బాల్టిమోర్‌కు తరలించుచున్నట్లు యాజమాన్యము ప్రకటించెను. మరునాడే ఆ జిల్లా ఓటర్లు స్టేడియము బాగుచేయుటకై మద్యము మీదను పొగాకు మీదను పన్నును పొడిగింప అధిక సంఖ్యతో సమ్మతించిరి. తమను విడిచిపోవుచున్న జట్టుకొరకు పన్ను కట్టుటకు సిద్ధపడిన ఆ జనులను తలచిన నా నారలు నేటికిని బిగిసికొనును. డిసెంబరు 17న అచ్చట కడపటి ఆట. ప్రత్యర్థులు సిన్సినాటి బెంగాల్స్: 1963లో క్లీవ్‌లండ్‌నుండి తొలగింపబడిన పాల్ బ్రౌన్ తరువాత స్థాపించిన జట్టు. ఒకే మనుష్యుని రెండు సృష్టులు ఆ వీడ్కోలుదినమున ఎదురుబొదురుగా నిలిచినవి. బ్రౌన్స్ 26–10గా గెలిచిరి. రంపములు, సుత్తులు, ఉత్త చేతులు, దేనితో వీలైన దానితో జనులు బల్లలను పెకలించుచుండగా, ఆటగాళ్లు మా వరుసలకు వచ్చి అభిమానులను కౌగిలించుకొనిరి. వారిలో బైనర్ కూడ ఉండెను. ఆ కౌగిలింతలో ఏ జారిన బంతి ప్రస్తావనయు లేదు.

నన్ను నా యజమాని భుజముపై మోసికొని పోయెను. స్టేడియము శిథిలములు పిమ్మట చేపలకు ఆవాసములుగా ఈరీ సరస్సున దింపబడినవి. నగరపాలకులు న్యాయస్థానమునకు పోగా, అభిమానులు ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాయగా, 1996 ఫిబ్రవరిలో బ్రౌన్స్ అను పేరు, వర్ణములు, చరిత్ర క్లీవ్‌లండ్‌కే చెందునని ఒడంబడిక కుదిరెను. ఆటగాళ్లు పోయిరి, చరిత్ర మిగిలెను. వాదించువారు ఎచ్చట నుందురో జట్టు అచ్చటిదేయని నేను నమ్ముట ఆనాటినుండియే.

అయితే 1999లో పునర్జన్మమెత్తిన జట్టు తొలి ఆటలోనే చిరప్రత్యర్థి పిట్స్‌బర్గ్ చేతిలో 43–0గా ఓడెను. 2017లో పదియారాటలును ఓడెను. ఆ నేలమాళిగలో యజమాని కుమార్తె, ఒహాయో స్టేట్ పూర్వ విద్యార్థిని, తండ్రికి ఎదురుపక్షము. ఆమె కొలంబస్‌లో చదువుచున్న కాలముననే, 2003 జనవరిలో, ఆ కళాశాల రెండు అదనపు అంకములాడి మయామీని 31–24గా జయించెను.

“మా జట్టును ఎవరూ లారీల్లో వేసుకుని ఇంకో ఊరికి తీసుకుపోలేరు, నాన్నా. విశ్వవిద్యాలయానికి చక్రాలు లేవు.”

“ఆటగాళ్లకు ఉన్నాయిగా, తల్లీ! మీ క్వార్టర్‌బ్యాక్ కాన్సాస్ స్టేట్ నుంచి వచ్చినవాడేగా?”

ఈ సమాధానము 2024 నాటిది. విద్యార్థి క్రీడాకారులు ధనము గడించుటకును, స్వేచ్ఛగా కళాశాలలు మారుటకును వీలేర్పడిన పిదప, రెండు పీఠముల నడుమ భేదము సన్నగిల్లుచున్నదని తండ్రి బాధపడును. భేదము ఉన్నదని కుమార్తె ఒక్క పేరుతో నిరూపించును: చిరవైరి మిషిగన్. ఆ నవంబరు 30న ఒహాయో స్టేట్ స్వంత మైదానమున మిషిగన్ చేతిలో 13–10గా ఓడెను. అది వరుసగా నాలుగవ పరాజయము. పిమ్మట టెనసీని, ఆరెగాన్‌ను, టెక్సాస్‌ను దాటి, 2025 జనవరి 20న నాటర్ డామ్‌ను 34–23గా జయించి జాతీయ విజేత అయ్యెను. అయినను ఆమెకు సంతోషము సంపూర్ణము కాలేదు. తండ్రి నిర్ఘాంతపోయి, తనకు 1964 తరువాత ఒక్క కిరీటము లభించినచో పిట్స్‌బర్గ్ చేతిలో ఎన్ని పరాజయములనైనను క్షమింతుననెను. తాను క్షమింపననెను ఆమె. ఆ రాత్రి విజయోత్సవము అర్ధరాత్రి వరకు వివాదముగానే జరిగినది.

ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ వచ్చెను. కళాశాల ఆటగాళ్లను హీనముగా ఆడిన ప్రొఫెషనల్ జట్టు ముందుగా కోరుకొను ఆ ఎన్నికలో బ్రౌన్స్‌కు రెండవ స్థానము దక్కగా, దానిని జాక్సన్‌విల్‌కు ఇచ్చివేసి, బదులుగా అయిదవ స్థానమును, ముప్పదియారవ స్థానమును, మరుసటి యేటి తొలి ఎంపికను పుచ్చుకొనిరి. అయిదవ స్థానమున మిషిగన్ వీరుడు మేసన్ గ్రాహమ్‌ను ఎన్నుకొనిరి. ముప్పదియారవ స్థానమున, నాటర్ డామ్‌పై మూడు టచ్‌డౌన్‌లు చేసిన ఒహాయో స్టేట్ ఆటగాడు క్విన్‌షాన్ జడ్కిన్స్‌ను. ఒకే బేరములో ఇద్దరును క్లీవ్‌లండ్‌కు వచ్చిరి.

“ఆ మిషిగన్ వాడికి నేను చప్పట్లు కొట్టాలా?” అని కుమార్తె లేచి నిలుచుండెను.

“మనవాడిప్పుడు” అనెను తండ్రి.

“ఆదివారాలు మాత్రమే. కాలేజీ ఆటలాడే శనివారాలు వాడు మిషిగన్ వాడే.”

అంతటితో వారు రెండవ స్థానమును విడుచుట వివేకమా కాదాయని మొదలుపెట్టిరి. పొరుగింటి ఇంజనీరు సైతము వచ్చి నాపై కూర్చుండి, మరుసటి యేటి ఎంపికతో క్వార్టర్‌బ్యాక్‌ను తేవలెననగా, తండ్రీకూతుళ్లిద్దరును మొదటిసారిగా ఏకమై అతనిని ఖండించిరి.