కుండ పేరు

జాగారం ముగిసిన మర్నాడు నేను ఉండను. విల్లును చూరులో దోపుతారు, చేటను గోడకు తగిలిస్తారు, కుండను మూల బోర్లిస్తారు. మళ్ళీ పిలుపొచ్చి ముగ్గురం ఒకచోట చేరితేనే నేను. బస్తర్‌లో నన్ను ధన్‌కుల్ అంటారు. ధను అంటే విల్లు, కుల అంటే చేట. కుండ పేరు నా పేరులో లేదు. నా గొంతంతా ఉన్నది కుండలోనే.

జాగారం పాటలు పాడే మా గురుమాయి నన్ను కట్టే పద్ధతి చెబుతాను. గడ్డి చుట్టకుదురు మీద కుండ, దాని మూతి మీద చేట, చేట మీద ఆనించిన విల్లు. విల్లు ఇంచుమించు నిలువెత్తు ఉంటుంది. కుడివైపు సగం దాకా గంట్లు కోసి ఉంటాయి. చీల్చిన వెదురుపుల్లతో కుడిచేత్తో ఆ గంట్ల మీద రాస్తే ఛర్ ఛర్. ఎడమచేత్తో నారి మీటితే అడుగున ఘుమ్ ఘుమ్. ఆమె ఎడమచేతి వేలి కొస కాయ కాసి గింజలా గట్టిపడింది. చీకట్లో ఆ వేలు తగిలినా నాకు తెలుస్తుంది.

పదేళ్ళకు పైగా ఆమె చేలీ గురుమాయి. పెద్దామె, అంటే పాట్ గురుమాయి, ఒక చరణం ఎత్తుకుంటే పక్కన కూర్చుని అందుకునేది. మాది కొండగావ్ వైపు పల్లె. పంట ఇంటికొచ్చే రోజుల్లో లచ్మీ జాగారానికి పిలుపులొచ్చేవి. లచ్మీ అంటే లక్ష్మి. ఇక్కడ లక్ష్మి అంటే పొలంలో పండిన వరి. నారాయణ రాజుతో ఆమె పెళ్ళే కథ. రాత్రి తర్వాత రాత్రి మా హల్బీ భాషలో పాడుతూ పోతే చివరి రోజుకు పెళ్ళి. ఆ రాజుకు అప్పటికే 21 మంది రాణులు. కొత్తగా వచ్చిన లక్ష్మిని వాళ్ళు పెట్టే ఆరళ్ళు పాడేటప్పుడు ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునేవారు. మా గురుమాయి గొంతు అక్కడ సన్నబడేది. అప్పుడు నన్ను గట్టిగా మీటేది, తన బరువు కొంత నా మీద వేసినట్టు.

ఆమెకు చదువు రాదు. వేల చరణాలు నోటికే వచ్చు.

ఒకసారి పట్నం నుంచి టేపు పట్టుకుని ఎవరో వచ్చారు. మూడు రాత్రులు కూర్చున్నారు, వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు ఆ పాట సంతలో క్యాసెట్లో వినిపించింది. ఉప్పు కొంటున్నదల్లా నిలబడిపోయింది. పాట అయ్యాక అట్ట తెప్పించి, చదువొచ్చిన పిల్లాడిచేత చదివించుకుంది. ఊళ్ళ పేర్లున్నాయి, దేవుళ్ళ పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. ఆ ఏడు కుండ మార్చే పని వస్తే తనే కుమ్మరి వాడకు పోయి, వేలితో ఒక్కొక్కటి కొట్టి చూసి తెచ్చుకుంది.

అందుకే హరిహర్ వైష్ణవ్ గారంటే నాకు గౌరవం. కొండగావ్‌లో ఉంటూ, హిందీలో, హల్బీలో రాస్తూ, మా జాగారాల పాటలను ఓపికగా రికార్డు చేసి కాగితం మీద పెట్టిన మనిషి. గురుమాయి సుఖ్‌దాయి కోర్రామ్ పాడిన లచ్మీ జాగారాన్ని ఆస్ట్రేలియా మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీతో కలిసి 2003లో పుస్తకంగా తెచ్చారు. దాని పేరులోనే, అట్ట మీదే, ఇది గురుమాయి సుఖ్‌దాయి చెప్పిన కథ అని ఉంది. ఆ మాట విన్నప్పుడు మా గురుమాయి ‘ఆమె పేరు వేశారా’ అని రెండుసార్లు అడిగింది.

తర్వాతి కాలంలో నా చుట్టాలు వేదికలెక్కారు. హబీబ్ తన్వీర్ నాటక బృందంలో పనిచేసిన అనూప్ రంజన్ పాండే బస్తర్ వాయిద్యాలను ఊరూరా వెతికి పోగుచేసి, ఇక్కడి కళాకారులతోనే బస్తర్ బ్యాండ్ కట్టారు. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ బ్యాండు వీడియోలు చూసే మా గురుమాయి మనవడికి సౌండు పని మీద పిచ్చి పట్టింది. జగదల్‌పూర్‌లో పెళ్ళిళ్ళకు మైకులు పెట్టేవాడు.

వాడొకనాడు ఫోన్‌లో ఏదో పాట పెట్టి ఆమె చెవి దగ్గర ఉంచాడు. ‘అవ్వా, విను. కింద ఘుమ్ ఘుమ్, పైన ఛర్ ఛర్. నీదే కదూ?’

జమైకా పాట. రూట్స్ రెగ్గే అంటారట. లీ పెర్రీ అని ఒకాయన గురించి చెప్పుకొచ్చాడు. పాటగాడూ ఆయనే, ఇతరుల చేత పాడించి రికార్డు చేసే ప్రొడ్యూసరూ ఆయనే. ‘స్క్రాచ్’ అని ముద్దుపేరు. 1968లో ఒక పాటలో పసిబిడ్డ ఏడుపును కలిపాడట. బాబ్ మార్లే బృందం చేత పాడించాడు. 1973లో కింగ్‌స్టన్‌లో తన ఇంటి పెరట్లోనే బ్లాక్ ఆర్క్ అని స్టూడియో కట్టుకున్నాడు. నాలుగే ట్రాకుల మిషను. మ్యాక్స్ రోమియో, ది కాంగోస్ అక్కడే పాడారు. ఆయనా, వైష్ణవ్ గారూ ఒకే ఏడు, 2021లో, పోయారు.

‘పెరట్లోనా?’ అంది ఆమె. మిగతాదంతా వదిలేసి అదొక్కటే పట్టుకుంది. ‘మనకూ పెరడుంది కదరా.’

మర్నాడు చూరులోంచి విల్లు దిగింది. పెరట్లో చింతచెట్టు కింద పేడతో అలికింది. వాడు ఒక మైకు ఆమె నోటి దగ్గర, ఒకటి వెదురుపుల్ల దగ్గర పెట్టాడు. మూడోది పట్టుకుని తటపటాయిస్తుంటే ఆమె చేట కాస్త పైకెత్తి కుండ పక్కన చూపించింది. కోళ్ళను తోలారు. పక్కింటి మోటారు ఆగేదాకా కూర్చున్నారు.

‘ముందు పేరు చెప్పు అవ్వా.’

చెప్పింది. తనకు నేర్పిన పాట్ గురుమాయి పేరు చెప్పింది, పక్కన అందుకునే చేలీ పేరు చెప్పింది. వాడు సరేనని తలూపుతుంటే, ఉండమని చెయ్యెత్తి, కుండ చేసిన కుమ్మరి పేరూ చెప్పింది.

అప్పుడు నారి మీద ఆ వేలు పడింది.