‘నాకింకా తిరుగుతోంది’: టీకా, తాత్పర్యం

మూలం: “ఒరేయ్ ఆగండ్రా, నాకింకా తిరుగుతోంది.”

అవతారిక: 2020 మార్చి 25, ఉగాది. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైందీ, తెలుగు ఓటీటీ ‘ఆహా’ లాంఛనంగా ఆరంభమైందీ ఆ రోజే. హాళ్లు మూతపడి పక్కసీటు పోయింది. దాన్ని కంప్యూటర్లో ఇస్తామని నెట్‌ఫ్లిక్స్ పార్టీ ఊరించింది. ఏడుగురి దాకా కలిసి చూసే గ్రూప్‌వాచ్‌ను ఆ ఏడే డిస్నీ తెచ్చింది. ఆ కోవలో జూబ్లీహిల్స్‌లో ఒక ఆఫీసు కట్టిన నమూనాను పరీక్షిస్తుండగా వెలువడినదీ వాక్యం.

ప్రతిపదార్థం: ఒరేయ్ = ఆఫీసు ఫైబర్ మీదున్న మిత్రులారా (టీమ్ లీడూ వింటున్నాడని వక్త ఎరుగడు); ఆగండ్రా = పాజ్ నొక్కుడు; నాకు = కృష్ణానగర్ గదిలో మొబైల్ డేటాతో ఉన్న నాకు; ఇంకా = మీకు హీరో ఎంట్రీ అయిపోయినను; తిరుగుతోంది = తెర నడుమ చక్రము. ‘తల’ అని కొందరందురు; అదీ చెల్లును.

వ్యాఖ్య: సినిమాను ఎవరి ఫోనుకు వారే సర్వర్ నుంచి తెచ్చుకుంటారు. మధ్యలో నడిచేది “ఫలానా సెకనులో ఉన్నాం” అన్న కబురే. అది చేరేసరికి పాతబడుతుంది కనుక, కబురు పోయివచ్చిన కాలంలో సగం కలుపుతారు. రానూ పోనూ సమానమన్నమాట! జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా ఆఫీసుకు తిరిగేవాడెవడూ ఒప్పుకోడు.

వెనకబడ్డవాడి కోసం అందరూ ఆగాలన్నది పూర్వపక్షం. ధర్మమే, కానీ ఒక్కడి సిగ్నల్ పోతే అందరూ చక్రదర్శనం చేసుకోవాలి. వాణ్ని ఒక్క గెంతున ముందుకు లాగితే పంచ్ డైలాగు పోతుంది. అతని వేగం నూటికి ఐదు వంతులు పెంచి, గుట్టుగా కలిపేయడం సిద్ధాంతం. మాటల్లో ఎవరూ పట్టలేరు. శ్రుతి చెడకుండా కాపాడే ఏర్పాటూ ఉంది. పాట వచ్చిందా, లయ ఉరుకుతుంది, దొరికిపోతారు. అందునా ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల! సెకనుకు 24 ఫ్రేముల్లో రెండు తప్పినా డబ్బింగ్ థియేటర్లో లేచి నిలబడే జనం. నిజానికి పెదవికీ మాటకీ ఇక్కడ ప్రమాదం లేదు, అవి కలిసే వస్తాయి. కలపవలసినవి ఈలలు. కాల్‌లో మిత్రుడి ఈల ముందొచ్చి హీరో వెనకొస్తే ఆ ఎంట్రీ చచ్చినట్టే. దీనికి ఏ కోడూ చాలదు. వాడి మైకు కట్టేయాలి.

పాఠాంతరం: మేనేజరు నివేదికలో “అనుభవం సాఫీగా ఉన్నది” అని కలదు. ప్రక్షిప్తం.

తాత్పర్యం: ఓ మిత్రులారా, మీరు చూసేసినది నాకు చెప్పకుడు.