సోమవారం పిన్నిగారు

చిన్నతనంలో నాకు మనుషులు పేర్లతో కాక వారాలతో గుర్తుండేవారు. మంగళవారం మామ్మగారు, గురువారం తాతగారు, శనివారం అత్తయ్యగారు. వాళ్ళలో కొందరి అసలు పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు. ఎవరింట్లో పప్పు ఎంత పలచనో, ఎవరి చారులో ఇంగువ ఎంతో మాత్రం నేటికీ చెప్పగలను.

1964 జూన్‌లో రాజమండ్రిలో తొమ్మిదో తరగతిలో చేరాను. నాన్న మెట్ట ఊళ్ళో అర్చకుడు. బడి జీతం కట్టడం వరకే ఆయన వల్ల అయింది. తిండికి వారాలు కుదిర్చారు. అంటే రోజుకో ఇల్లు. ఆ రోజు రెండు పూటలా ఆ ఇంటే భోజనం. పడక సత్రం వరండాలో.

ఏడిళ్ళకీ ఏడు పద్ధతులు. గురువారం తాతగారు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. విస్తట్లో అన్నం పడగానే ఒక పదం ఇచ్చి సంధి విడదీయమనేవారు. సరిగ్గా చెబితే నెయ్యి, తప్పితే వట్టి చారు. ఆ నెయ్యి కోసం చిన్నయసూరి సూత్రాలు రెండు నెలల్లో కంఠతా పట్టాను. మంగళవారం మామ్మగారికి మడి. నేను గడప ఇవతల, ఆవిడ అవతల. అక్కడినుంచే అన్నం ముద్ద వేసేవారు. ఒక్కనాడూ గురి తప్పలేదు. శనివారం అత్తయ్యగారింట్లో ఏడుకొండలవాడి ఒంటిపొద్దు కాబట్టి రాత్రికి ఉప్పుడుపిండి. బుధవారం వాళ్ళకి ఏకాదశి పట్టింపు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే అందరూ రాశిఫలాలు చూసుకునేవారు. నేను ఏకాదశులు ఎన్ని బుధవారాల మీద పడ్డాయో చూసుకునేవాణ్ణి.

సోమవారం ఇల్లు ఇన్నీసుపేటలో. పిన్నిగారి భర్త ఒక ప్లీడరు దగ్గర గుమస్తా. ముగ్గురు పిల్లలు; ఆఖరిదానికి అయిదేళ్ళు. ఏడిళ్ళలోనూ నాకోసం ఎదురుచూసే ఇల్లు అదొక్కటే. సాయంత్రం నేను సందు మలుపు తిరగ్గానే చిన్నది "అన్నయ్యొచ్చాడు, అన్నయ్యొచ్చాడు" అని కేకలు పెడుతూ లోపలికి పరుగెత్తేది. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి ముగ్గురూ విస్తళ్ళ ముందు వరసగా కూర్చుని ఉండేవారు. ఒక్క మెతుకు మిగిల్చేవారు కాదు. నేనంటే ఆ పిల్లలకి ఎంత ప్రేమో అనుకునేవాణ్ణి.

మరుసటి ఏడు కష్టాలు జంటగా వచ్చాయి. 1965లో వానలు మొహం చాటేశాయి. దేశంలో తిండిగింజల పంట 8.9 కోట్ల టన్నుల నుంచి 7.2 కోట్ల టన్నులకి పడిపోయింది. సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం. పీఎల్ 480 కింద ఓడల్లో రావలసిన గోధుమల్ని అమెరికా బిగబట్టి పంపసాగింది. గోదావరి ఒడ్డున గోధుమ అంటే జ్వరం తగ్గినవాళ్ళకి పెట్టే పథ్యం. అలాంటిది గోధుమనూక అన్నం విస్తట్లోకి వచ్చి కూర్చుంది. మంగళవారం మామ్మగారి ముద్ద బత్తాయంత ఉండేది, నిమ్మకాయంత అయింది. సరిగ్గా ఆ ఏడే నా గొంతు మారింది, మూతిమీద నూగు వచ్చింది, లాగులు పొట్టివైపోయాయి. ఇళ్ళలో గరిటె చిన్నదవుతుంటే నా ఆకలి పెద్దదవుతూ వచ్చింది.

ఆ రోజుల్లోనే ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని కోరారు. ముందు తన ఇంట్లో అమలుచేసి, ఆ తర్వాతే మనకి చెప్పారు. పార్కులో మునిసిపాలిటీ రేడియో కింద నిలబడి ఆ కబురు విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. తుపాకి పట్టడానికి వయసు లేదు. నాగలి పట్టడానికి నేల లేదు. మానడానికి ఒక పూట అన్నం మాత్రం ఉంది.

అక్టోబరు 18, సోమవారం. పొద్దుటి భోజనం చేసి లేచి చెప్పేశాను.

"పిన్నిగారూ, ఇకనుంచి సోమవారం రాత్రిళ్ళు నేను రానండి. శాస్త్రిగారు చెప్పారు కదా."

ఆవిడ నీళ్ళచెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అది పెద్దవాళ్ళకి చెప్పిన మాటరా నాయనా. ఎదిగే పిల్లాడివి, నీకెందుకు?"

"నేను పిల్లాణ్ణి కానండీ."

"నా మాట విని రారా బాబూ. నువ్వు రాకపోతే..." అని ఆగి, పిల్లలవంక చూసి, ఇంకేమీ అనలేదు.

నా మీద అభిమానం కొద్దీ అంటున్నారనుకున్నాను. నేనొక్కణ్ణి తగ్గితే వాళ్ళకీ ఆ మేరకి కలిసొస్తుందని మనసులో లెక్క కూడా వేసుకున్నాను.

సోమవారం రాత్రి గడవడం తేలిక కాలేదు. ఆరింటికి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. ఆ నిశ్శబ్దంలో నా కడుపు చేసే చప్పుడుకి పక్కన కూర్చున్న పెద్దమనిషి పేపరు దించి నావంక చూసేవారు. అక్కణ్ణించి కోటిలింగాల రేవుకి పోయి దోసిళ్ళకొద్దీ గోదావరి తాగేవాణ్ణి. దారిలో ఎవరింట్లోనో వంకాయ వేపుడు చేస్తుంటే కాళ్ళు అక్కడే పాతుకుపోయేవి. "జై జవాన్, జై కిసాన్" అనుకుంటూ వాటిని సత్రం దాకా ఈడ్చుకెళ్ళేవాణ్ణి. సంగతి తెలిసి హెడ్మాస్టరుగారు ప్రార్థన వేళ నన్ను అందరి ముందూ నిలబెట్టి, "వారాలు చేసుకునే కుర్రవాడు దేశానికి ఒక పూట ఇచ్చాడు" అన్నారు. బడి అంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజు నేను పెద్దవాణ్ణి అయ్యాననుకున్నాను.

1966 జనవరి 11, మంగళవారం. తాష్కెంట్‌లో శాస్త్రిగారు పోయారన్న వార్త వచ్చింది. మామ్మగారు మడి సంగతి మరిచి, గడప దాటి వచ్చి, నా పక్కన కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆయన పోయినా ఆ మాట పోనివ్వకూడదని నేను నిశ్చయించుకున్నాను.

సంక్రాంతి వెళ్ళాక 17న, సోమవారం పొద్దున్న, ఇన్నీసుపేటలో భోజనం చేసి బడికి బయల్దేరాను. చిన్నది నా వెనకే అరుగు దాకా వచ్చి చొక్కా పట్టుకుంది.

"అన్నయ్యా, శాస్త్రిగారు చచ్చిపోయారటగా?"

"అవునమ్మా."

"అయితే ఇవాళ రాత్రికి వస్తావా?"

"రానమ్మా. దేశంలో అందరికీ అన్నం అందాలంటే మనం వారానికి ఒక పూట మానుకోవాలి."

అది కాసేపు ఆలోచించింది.

"మేం ఆరు రాత్రులు ఎప్పుడూ మానుతూనే ఉన్నాంగా. జావ తాగి పడుకుంటాం. సోమవారం ఒక్కటే నువ్వొస్తావని అమ్మ రాత్రిపూట అన్నం వండేది. నువ్వు మానేశాక అదీ లేదు."

ఆ సాయంత్రం చీకటి పడకముందే వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. పిన్నిగారు ఏమీ అడగలేదు. పొయ్యి వెలిగించి నాలుగు విస్తళ్ళు వేశారు.

అక్టోబరు 18 నుంచి జనవరి 10 దాకా 13 సోమవారాలు. దేశం కోసం నేను మానిన పూటలు 13. నా మూలంగా ఆ ముగ్గురు పిల్లలు మానినవి 39.